డబ్బాలో పెళ్లికళ

ఆ ఎండాకాలం మా తండాలో ఏ ఇంటి ముందు ఆగినా రెండే కబుర్లు. ఒకటి బీడీలకు కోసే తునికాకు, రెండోది నా పెళ్లి. ఆకు సంగతి మగవాళ్లు మాట్లాడుకునేవాళ్లు, పెళ్లి సంగతి ఆడవాళ్లు. రెండూ కలిపి మాట్లాడేవాడు మా బాపు రెడ్యా ఒక్కడే. "ఆకు ఒడువంగనే పెండ్లి, పెండ్లి ఒడువంగనే వాన. నడుమ ఎవ్వరు నాకు కొత్త పని చెప్పొద్దు" అని ఇంటిల్లిపాదినీ ముందే హెచ్చరించి పెట్టాడు. నేను సరిగ్గా అప్పుడే కొత్త పని చెప్పాను.

"బాపూ, నా పెండ్లికి మేకప్ ఆర్టిస్టును పెట్టుకుందాం."

మా తండా కారేపల్లి దాటాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నేను కల్లూరు దగ్గర ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని. పెళ్లికని సెలవు పెట్టి ఇంటికొచ్చాను. పెళ్లికొడుకు తుల్సీరాం పర్ణశాల దగ్గర ఆశ్రమ పాఠశాలలో లెక్కల సారు. పెద్దలు చూసిన సంబంధమే గానీ, చూసిన వారానికే ఇద్దరం ఫోన్లు వేడెక్కేదాకా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అతను చంటివాడిగా ఉన్నప్పుడే తండ్రి పోయాడట. తల్లి కేస్లి ఒక్కతే కూలికి పోయి చదివించింది. "మా యాడి ఊ అంటేనే నాకు ఏదైనా" అని తుల్సీరాం మొదటి రోజే చెప్పేశాడు. మా భాషలో యాడి అంటే అమ్మ. అమ్మను అంత ప్రేమగా తలచుకునేవాడు దొరికాడని నేను మురిసిపోయాను. ఆ మాటే తిరిగి నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు.

మేకప్ మాట వినగానే మా యాడి హేమ్లి చేతిలో ఆకు కట్టను కింద పడేసింది. "మొకానికి గూడ కూలిమనిషిని పెట్టుకుంటరా ఎవరన్న? మొకం నీదే, చేతులు నీయే. పూసుకోలేవా?"

పూసుకోలేనని కాదు. మా తండాలో పెళ్లికూతురిని ముస్తాబు చేయడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. పది మంది ఆడవాళ్లు మీద పడతారు. ఒకామె పసుపు రాస్తే ఇంకొకామె కడుగుతుంది, ఒకామె పౌడరు కొడితే ఇంకొకామె చాల్లేదని మళ్లీ కొడుతుంది. చివరికి ముఖం ఒక ఊరు, మెడ ఒక ఊరు అవుతుంది. మా పెద్దనాన్న కూతురు తన పెళ్లి ఫోటోల్లో పిండిగిర్నీలోంచి లేచొచ్చినట్టు ఉంటుంది. ఇప్పటికీ ఆ ఆల్బం ఎవరికీ చూపించదు. నేను మాత్రం నా ఫోటోలు ఊరూరా చూపించుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఖమ్మంలో గాజుల దుకాణం చాంద్ పాషా పేరు చెప్పేసరికి యాడి మెత్తబడింది. తన పెళ్లి గాజులు అక్కడే వేయించుకుంది. ఆయన కూతురు నజియా హైదరాబాదులో మేకప్ నేర్చుకుని వచ్చి, దుకాణం పైన గదిలో సొంతంగా పని మొదలుపెట్టిందట. "పాషా బిడ్డ అయితే పరాయిది కాదు, అడుగు" అంది యాడి. నేను అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"పెండ్లికి తప్పకుండ వస్త అక్కా. గని ముందుగాల ట్రయల్ ఉంటది. ట్రయల్ లేకుంట నేను డేట్ తీస్కోను" అంది అటునుంచి నజియా.

బాపు గబుక్కున లేచి కూర్చున్నాడు. పోడు భూమి కేసులో ఏళ్ల తరబడి కోర్టు మెట్లు ఎక్కి దిగిన మనిషి. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ బెయిలు, ట్రయలు అనే మాటలు మాత్రం ప్లీడరు అన్నంత ఇదిగా అంటాడు.

"ట్రయలా? ఎవరి మీద? పెండ్లి దగ్గర పడ్డది బిడ్డా. ట్రయలు మొదలైతే ఒడిసే ముచ్చటే ఉండదు."

"అది మొకానికి బాపూ. ముందుగాల ఒకసారి వేసి చూస్తరు."

"చూసి?"

"మంచిగుంటే పెండ్లినాడు అదే వేస్తరు. లేకుంటే మారుస్తరు."

బాపు మళ్లీ వెనక్కి వాలాడు. "అదేదో కోర్టు కన్న నయమే ఉన్నది. పోయి రా" అన్నాడు.

ఆకు కల్లం వదిలి యాడి రాలేకపోయింది. నిశ్చితార్థం నాటి ఎర్ర పట్టుచీర సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను. ఖమ్మంలో దిగి నజియా గదికి మెట్లెక్కుతుంటే నా గుండె కొట్టుకునే చప్పుడు కింద దుకాణంలో గాజుల చప్పుడును మించిపోయింది.

నజియా నాకంటే చిన్నది. చేతులు ఆగవు, నోరు అంతకన్నా ఆగదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గుండ్రటి లైటు ముఖం ముందు వెలిగించి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నేను సిగ్గుపడుతూనే అసలు మాట చెప్పేశాను. "కొంచెం తెల్లగ చెయ్యవా?"

"తెల్లగ కావాల్నా, మంచిగ కావాల్నా అక్కా? రెండూ ఒక్కరోజు దొరకవు" అంది నవ్వుతూ. "ముందుగాల మంచిగ చేస్త. అద్దం చూసినంక గూడ తెల్లగనే కావాలంటే అది గూడ చేస్త. నాదేం పోయింది."

ఆ తర్వాత స్పాంజి, కుంచె, మళ్లీ స్పాంజి. ఒక్కో డబ్బా మూత తీసి నా చెంప పక్కన పెట్టి రంగు సరిచూసుకుంది. నడుమ నడుమ ప్రశ్నలు. పెళ్లికొడుకు పొడుగా పొట్టా, ముహూర్తం పొద్దునా సాయంత్రమా, పందిరి కింద ఫ్యాన్లు ఉంటాయా ఉండవా. కళ్ల దగ్గరికి వచ్చాక కుంచె ఆపి అడిగింది.

"అప్పగింతలకు ఏడుస్తవా?"

"ఏడ్వకుంటే మా దాంట్ల ఊకోరు. ఒక్కొక్కరిని పట్టుకొని పాట కట్టి మరీ ఏడుస్తం."

"పాట కట్టా? అయితే ఇది సరిపోదు" అని ఆ డబ్బా పక్కన పడేసి ఇంకోటి తీసింది. "గిది గట్టిది. గోదాట్ల మునిగినా పోదు."

చీర కట్టి, జడ వేసి, మల్లెపూల దండ చుట్టి, నుదుట బొట్టు దిద్ది, అప్పుడు అద్దం వైపు తిప్పింది. రంగు నాదే, ముక్కూ నాదే. కానీ ఇన్నేళ్ల ఎండా దుమ్మూ ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు ఉంది. సంతోషం పట్టలేక నజియా చేతులు రెండూ పట్టుకుని ఊపేశాను. తెల్లగా చేయమని మళ్లీ అడిగితే ఒట్టు.

"ఇయ్యాల పొద్దుగూకే దాంక కడగకు" అంది నజియా. "ఎండ, చెమట, బస్సు దుమ్ము, అన్నీ తగలనీ. ఏడ కారుతదో, ఏడ పగులుతదో ఫోటో తీసి పంపు. గప్పుడు పెండ్లికి సరిచేస్త. నా పని గిట్లనే ఉంటది."

ముఖం కడగొద్దంది గానీ చీర మార్చుకోవద్దని అనలేదు. చుడీదార్ సంచిలోనే ఉంది. బస్సు వెళ్లిపోతుందని నాకు నేనే చెప్పుకుని పట్టుచీరతోనే మెట్లు దిగాను. అసలు సంగతి, విప్పబుద్ధి కాలేదు.

బస్సులో నా దర్జా చూడాలి. కిక్కిరిసిన బస్సులో ఒక ముసలమ్మ లేచి మరీ సీటిచ్చింది. "పెండ్లికొడుకు ఏడి బిడ్డా?" అని ఒకామె అడిగితే, "వెనకొస్తున్నడు" అని కొంటెగా అన్నాను. బస్సంతా నవ్వింది. కారేపల్లి క్రాస్ రోడ్డులో దిగేసరికి ఎండ మాడిపోతోంది, ఒక్క ఆటో లేదు. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటే, పక్కన ఒక బండి ఆగింది.

శ్రీనివాస్. నేను పనిచేసే మండలంలోనే ఇంకో ఊరి కార్యదర్శి. ఇల్లు మా తండా పక్క ఊరే, పెళ్లాం పిల్లలు ఉన్నవాడు. ఆ రోజు వాళ్ల బావమరిది పెళ్లి. అక్కడి నుంచి తిన్నగా వస్తున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నుదుటి నిండా కుంకుమ, జుట్టు నిండా పసుపు అక్షింతలు.

"ఎండల ఎంతసేపు నిలవడుతవు సువర్ణా. ఎక్కు, తండా దాంక దింపుత."

ఎక్కాను. ఎక్కుతూ ఎక్కుతూ చూస్తే, టీ కొట్టు బల్ల మీద తుల్సీరాం మేనమామ కిషన్‌లాల్ టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. కాబోయే ఇంటి పెద్దమనిషి. నేను కొంగు తల మీదికి లాక్కుని, వంగి దండం పెట్టాను. ఆయన గ్లాసు పట్టుకుని అలాగే లేచి నిలబడ్డాడు. నన్ను చూసి ముచ్చటపడ్డాడనుకున్నాను. బండి కదిలింది.

ఇంటి ముందు దిగితే యాడి ఆకు కట్టలు పేర్చుతూ తలెత్తి చూసి, "ఎవరు కావాలె అమ్మా?" అంది. నేను నవ్వేసరికి కట్టలన్నీ వదిలేసి వచ్చి నా ముఖం పట్టుకోబోయి, నల్లబడ్డ చేతులు చూసుకుని వెనక్కి తీసుకుంది. తండా పిల్లలంతా చుట్టూ మూగారు. ఒకర్తె పూల వాసన చూస్తే ఇంకొకర్తె కనురెప్పలు ముట్టుకుంది. చెంప మీద చుక్క కూడా కారలేదని ఫోటోలు తీసి నజియాకు పంపాను. రాణిలా మంచం మీద కూర్చుని ఉండగా తుల్సీరాం ఫోన్ చేశాడు.

"నీకు పెండ్లి అయిందట గదా?" అన్నాడు.

నేను వేళాకోళం అనుకున్నాను. "అవ్. ఎవరితోని?"

"తెల్లబట్టలోడు. నెత్తి మీద అక్షింతలు, మొకం నిండ బొట్టు. మా మామ కండ్లార చూసిండట. పైగా నువ్వు ఆయన ముంగట వంగి దండం గూడ పెట్టినవట, ఆశీర్వాదం ఇయ్యుమని."

నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. తర్వాత అతను నవ్వడం ఆపేశాడు. "నేను నిన్ను నమ్ముతున్న సువర్ణా. యాడి నమ్ముతలేదు. పంచాయతీ స్టాంపు ఆ పిల్ల చేతులనే ఉన్నది, పెండ్లి రాస్కొనుడు ఎంతసేపు అంటున్నది. రేపు పొద్దుగాల అందరు మీ ఇంటికి వస్తున్నరు. సంబంధం ఒద్దని చెప్పి పోతరట."

"మరి నువ్వు?"

"యాడిని కాదని నేను రాలేను. నీకు ముందే చెప్పిన గదా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. కుమిలి కుమిలి ఏడ్చాను. ఒక్క గీత కూడా చెరగలేదు. నజియా పనితనం ఏమిటో అప్పుడు బాగా తెలిసొచ్చింది గానీ, మెచ్చుకునే స్థితిలో నేను లేను.

బాపు మాత్రం కంగారు పడలేదు. కోర్టు ఆయనకు నేర్పింది అదొక్కటే. "ట్రయలు అన్నంక సాక్షి ఉండాలె. ఆ పాషా బిడ్డను పిలువు" అన్నాడు. ఫోన్‌లో సంగతంతా విని నజియా జాలిపడుతుందనుకున్నాను. ఆ పిల్ల సంతోషంతో ఉక్కిరిబిక్కిరైంది. "నా పని చూసి నిజం పెండ్లే అనుకున్నరా? అల్లా, ఇంతకన్న సర్టిఫికెట్ ఏం కావాలె నాకు. వస్త అక్కా, పొద్దుగాలనే వస్త" అంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టని సామెత. కానీ ఆ పిల్ల ఉషారు చూసి నాకూ కొంచెం ధైర్యం వచ్చింది.

మర్నాడు పెళ్లికని ముందే వేయించిన తాటాకు పందిరి కిందే పంచాయితీ కూర్చుంది. జీపులో కిషన్‌లాల్, ఇద్దరు పెద్దమనుషులు, తుల్సీరాం, అతని తల్లి కేస్లి దిగారు. కేస్లిది వెలిసిన చీర, బోసి నుదురు, బోసి చేతులు. మంచం అంచున కూర్చుంది. మా యాడి చెంబుతో నీళ్లు ఇస్తే అందుకోలేదు. నా వైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పేసుకుంది. తుల్సీరాం పందిరి గుంజ దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. అతన్ని అలా చూస్తుంటే నాకు కోపం, దుఃఖం రెండూ కలిసి వచ్చాయి.

ముందు శ్రీనివాస్ మా కబురు అందుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చి బావమరిది పెళ్లి సంగతి చెప్పాడు. భార్య కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "ఈయనను ఇంకొకతి చేస్కుంటనంటే నేనే దగ్గరుండి చేస్తుంటి. ఇప్పటి దాంక ఎవ్వరు అడగలే" అంది. పందిరంతా నవ్వింది. కిషన్‌లాల్ నవ్వలేదు.

అప్పుడే చాంద్ పాషా స్కూటర్ వచ్చి ఆగింది. వెనక నజియా, ఒళ్లో పెద్ద నల్ల డబ్బా. స్కూటర్‌కు తాడుతో కట్టిన గుండ్రటి లైటు. దిగీ దిగగానే ట్రయల్ అంటే ఏమిటో, ముఖం ఎందుకు కడగొద్దన్నదో గడగడా చెప్పేసింది. పెద్దమనుషులు ఇద్దరూ తలలు ఊపారు. కిషన్‌లాల్ మాత్రం చేయి అడ్డం పెట్టాడు.

"రంగు సంగతి నేను అంటలేను. రంగు నాటకపోల్లు గూడ పూసుకుంటరు. నిన్న నేను చూసింది రంగు కాదు, పెండ్లికళ. పసుపు పడి, పుస్తె పడ్డంకనే వస్తది అది. ఎన్ని పెండ్లిల్లు చూడలే నేను? కళ డబ్బాలకెల్లి వస్తదా?"

ఆ మాట మా యాడికి కూడా నిజమేననిపించింది, ఆమె ముఖమే చెప్పింది. పెళ్లికళ కొనుక్కుంటే దొరికేది కాదని మేమంతా పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.

నజియా నడుం మీద చేతులు పెట్టుకుంది. "కాకా, నన్ను తిడుతున్నరా, మెచ్చుకుంటున్నరా? కళ గూడ ఈ డబ్బాలనే ఉంటది. ఎవరన్న కూసోండ్రి, ఇప్పుడే తెప్పిస్త."

ఆడవాళ్లంతా ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. మగవాళ్ల ముందు, పంచాయితీ మధ్యలో ముఖానికి రంగు వేయించుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది. అంతదాకా నోరు విప్పని కేస్లి అప్పుడు లేచింది.

"నేను కూసుంట. వీళ్ల నాయిన పోయిన నాటి సంది ఈ మొకానికి సబ్బు తప్ప ఏం తెల్వదు. దీని మీద గూడ కళ వస్తే నేను నమ్ముత. రాకుంటే మా తొవ్వ మాది."

ఎండకు, కూలికి, ఒంటరితనానికి కమిలిపోయిన ముఖం అది. నా పెళ్లి ఇప్పుడు ఆ ముఖం మీదే ఆధారపడింది. నజియా మాత్రం కుర్చీని ఎండ వైపు తిప్పి, "లైటు అక్కర్లేదు అబ్బా, దేవుని వెలుతురే చాలు" అని వాళ్ల నాన్నకు చెప్పి పని మొదలుపెట్టింది.

నోరు మూతపడని ఆ పిల్ల అప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. ముందు తడి దూదితో ముఖమంతా ఒత్తి తుడిచింది. వేళ్లతో నుదుటి గీతల మీద నెమ్మదిగా నూనె రాసింది. కేస్లి మొదట బిర్రబిగుసుకుని కూర్చుంది. ఎవరో తన ముఖాన్ని చేత్తో నిమిరి ఎన్నేళ్లయిందో. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. కళ్లు మూసుకుంది. పిల్లలు ముందుకు తోసుకొచ్చారు, పెద్దమనుషులు కుర్చీలు జరుపుకున్నారు, అందరం ఆ కుంచె వెంటే చూశాం. చెంపలకు ప్రాణం వచ్చింది. కళ్లకు కాటుక వచ్చింది. దువ్వి ముడి వేస్తే మెడ తీరు తెలిసింది. యాడి నా చేయి గట్టిగా నొక్కింది.

చివరికి నజియా కుంకుమ డబ్బీ తీసింది. తీసి ఆగింది. డబ్బీ చేతిలో పట్టుకుని మా అందరి వైపు చూసింది. కిషన్‌లాల్ నేల చూపులు చూశాడు.

"అమ్మా" అంది నజియా నెమ్మదిగా. "బొట్టు పెట్టాల్నా?"

కేస్లి కళ్లు తెరవలేదు. "ట్రయలే గదా" అంది. "పెట్టు."

నజియా పెట్టింది.

అద్దం చేతికిస్తే కేస్లి దాన్ని ముందు దూరంగా, తర్వాత దగ్గరగా పట్టుకుంది. ఎంతసేపైనా దించలేదు. తర్వాత కొడుకును పిలిచింది.

"తుల్సీ, ఇట్రా. నువ్వు చంటిపిల్లగానివి ఉన్నప్పుడు నేను గిట్లనే ఉంటి. నీకు యాదికి ఉండదు."

"లేదు యాడీ" అన్నాడు తుల్సీరాం. "ఇప్పుడు చూసిన."

కిషన్‌లాల్ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చెల్లెలి వైపు చూసి, డబ్బా వైపు చూసి, చివరికి మా బాపు వైపు తిరిగాడు. "డబ్బాలనే ఉన్నదట బావా. నేనే ఆగమైన" అన్నాడు.

"ఇందాక నీళ్లిస్తివి గదా వదినా" అంది కేస్లి మా యాడితో. "ఏవి?"

యాడి చెంబు కోసం పరుగెత్తింది. నేను ఎగిరి గంతేయలేదు గానీ, వేసినంత పనైంది. తుల్సీరాం గుంజ దగ్గర నుంచి నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక రాత్రంతా ఏడ్చిన ఏడుపు వడ్డీతో సహా తీరిపోయింది. నజియా దూది తడిపి తెచ్చి, "తుడవాల్నా అమ్మా?" అని అడిగితే, కేస్లి తల అడ్డంగా ఊపింది. "ఉండనీ. శాన దూరం పోయేది ఉన్నది" అని జీపెక్కి ముందు సీట్లో కూర్చుంది. సాయంత్రం తుల్సీరాం ఫోన్ చేసి, తన గదిలోని అద్దాన్ని యాడి ఆమె గదిలోకి మార్చుకుందని చెప్పాడు.

ఆకు ఒడిసింది. పెళ్లిరోజు వచ్చింది. తెల్లవారకముందే నజియా డబ్బాతో దిగి, ఆ రోజు తన చేతిలో ఉన్న విద్యంతా నా ముఖం మీద చూపించింది. కొలిచి గీసినట్టు బొట్టు దిద్దింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా తండా ఆడవాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు. మా పెద్దనాన్న కూతురు రెండుసార్లు వచ్చింది.

డప్పులతో పెళ్లికొడుకు వాళ్లు వచ్చారు. నేను తుల్సీరాం కంటే ముందు కేస్లి కోసం వెతికాను. అందరికీ వెనక, గుంజ చాటున నిలబడి ఉంది. కొత్త చీరే గానీ నుదురు మళ్లీ బోసిగానే ఉంది. నా మనసు చివుక్కుమంది. ట్రయల్ వేరు, పెళ్లి వేరు. పెళ్లికొడుకు తరపు ముత్తైదువ వచ్చి పెళ్లికూతురికి బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టాలి. అందుకు కిషన్‌లాల్ భార్య కుంకుమ పళ్లెం పట్టుకుని ముందుకొచ్చింది.

భార్య చేతిలోంచి కిషన్‌లాల్ ఆ పళ్లెం తీసుకున్నాడు. గుంజ దాకా నడిచి వెళ్లి చెల్లెలి ముందు పట్టాడు.

"నేనా అన్నా?" అంది కేస్లి.

"నీ కోడలు గదా" అన్నాడు. "వేరేటోళ్లు పెట్టుడేంది?"

ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కేస్లి అవేవీ వినిపించుకోకుండా నా ముందుకు వచ్చి, బొటనవేలు కుంకుమలో ముంచి, నజియా అంత శ్రద్ధగా దిద్దిన బొట్టు మీదే గట్టిగా అద్దింది. కుంకుమ ఒక పక్కకు జారి, కనుబొమ మీదికి పాకి, ముక్కు మీద రాలింది. వేలికి ఇంకొంచెం మిగిలింది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు చూసింది. తర్వాత తన నుదుటికి రాసుకుంది.

గుసగుసలు ఆగిపోయాయి. నజియా దూది పట్టుకుని నా ముఖం సరిచేయడానికి పరుగున వచ్చింది. నేను ఆ పిల్ల చేయి పట్టుకుని ఆపాను. ఒక్క క్షణం నన్నూ కేస్లినీ మార్చి మార్చి చూసి, దూదిని డబ్బాలో పడేసి మూత పెట్టేసింది.

ఇప్పుడు నేను పర్ణశాల దగ్గరే ఉంటున్నాను. మా అత్త పొద్దున్నే అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుని గానీ బయటికి రాదు. ఇంటికి ఎవరొచ్చినా పెళ్లి ఆల్బం తీసి ఒళ్లో పెట్టేది కూడా ఆవిడే. చూసినవాళ్లంతా మొదట మెచ్చుకుంటారు. తర్వాత ఫోటో దగ్గరగా పట్టుకుని, "అంత పెద్ద మేకప్ ఆర్టిస్టును పెట్టుకున్నరు గని, బొట్టు వంకర పెట్టింది గదా" అంటారు.

"ఆ పిల్లది తప్పేం లేదు" అంటుంది మా అత్త, ఆల్బం తన వైపు తిప్పుకుని. "అది నేను పెట్టిన."